పుట్టింటి పేరా, మెట్టినింటి పేరా: అమెరికాలో ఓటుకు ఏది మేలు?

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అన్నది మన ఇళ్లలో పెద్దల ముచ్చట. అమెరికా పౌరులైన ఆడవాళ్లకు మాత్రం అది పోలింగ్ కేంద్రం దాకా వెంట వస్తుంది. ప్యూ రిసెర్చ్ సెంటర్ 2023 సర్వే ప్రకారం, మగవాళ్లను పెళ్లాడిన ఆడవాళ్లలో 79 శాతం మంది భర్త ఇంటిపేరు తీసుకున్నారు. సొంత పేరు ఉంచుకున్నవాళ్లు 14 శాతం, రెండూ కలిపి హైఫన్ పెట్టుకున్నవాళ్లు 5 శాతం. మిగతా మంచిచెడ్డలు పక్కనపెట్టి ఓటు వరకే చూద్దాం.

అన్ని చోట్లా అడిగేది ఒకటి కాదు. కొన్ని రాష్ట్రాల్లో ఫొటో ఐడీ మీది పేరు ఓటర్ల జాబితాతో పోలాలి. ఇంకొన్ని చోట్ల పేరు నమోదప్పుడే పౌరసత్వ రుజువు కావాలి. అసలు చిక్కు ఈ రెండోదాంతోనే, ఎందుకంటే బర్త్ సర్టిఫికెట్‌లో మెట్టినింటి పేరు ఉండదు కదా.

పుట్టింటి పేరే ఉంచుకుంటే ఈ బాధే లేదు. అన్ని కాగితాల్లోనూ ఒకటే మనిషి. ఒకప్పుడు దీనికే శిక్ష పడేది: 1879లో మసాచుసెట్స్‌లో స్కూలు కమిటీ ఎన్నికల వరకు ఆడవాళ్లకు ఓటిచ్చినప్పుడు, భర్త పేరు వాడనన్న మహిళా హక్కుల ఉద్యమకారిణి లూసీ స్టోన్‌ను ఓటు వెయ్యనివ్వలేదు. పెళ్లయినా సొంత పేరుతో ఓటరుగా ఉండొచ్చని టెనెసీ సుప్రీంకోర్టు చెప్పడానికి 1975 దాకా పట్టింది.

మెట్టినింటి పేరుకు మారితే పెళ్లి సర్టిఫికెట్ జీవితాంతం దగ్గరుండాలి. న్యూ హాంప్‌షైర్‌లో పౌరసత్వ రుజువు అడిగే కొత్త చట్టం వచ్చాక, 2025 మార్చి టౌన్ ఎన్నికల్లో బర్త్ సర్టిఫికెట్‌తో నమోదుకు వెళ్లిన కొందరు ఆడవాళ్లను పేరు తేడా ఉందని ఇంటికి పంపారు. ఆ ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభ 220-208తో ఆమోదించిన సేవ్ బిల్లు ఇలాంటి రుజువునే దేశమంతటా అడగాలంది. పేరు తేడా వస్తే ఏ కాగితాలు చూడాలో తేల్చే పని రాష్ట్రాలకే వదిలేసింది. విడాకులై మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లకు మధ్యలోని ప్రతి కాగితమూ కావాల్సి వస్తుంది.

మనవాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. వలస వచ్చి పౌరసత్వం తీసుకునేవాళ్లు ఆ దరఖాస్తులోనే పేరు మార్పు కోరవచ్చు. అప్పుడు పౌరసత్వ సర్టిఫికెట్టే కొత్త పేరుతో వస్తుంది, బర్త్ సర్టిఫికెట్ జోలికి పోనక్కర్లేదు. పౌరసత్వ ప్రమాణం అయిపోయాక పెళ్లయితే మాత్రం ఇది కుదరదు. కొత్త పేరుతో పాస్‌పోర్టు తీసుకోవడం మేలు, అది పౌరసత్వానికీ ఫొటోకీ రెండింటికీ సాక్ష్యం. దానికి పెళ్లి రుజువు కావాలి. రుజువంటే ఆల్బం కాదు, రిజిస్ట్రార్ ఇచ్చిన కాగితం. ఊళ్లో ఘనంగా పెళ్లి చేసుకుని రిజిస్ట్రేషన్ మర్చిపోయినవాళ్లకు ఇక్కడే తల ప్రాణం తోకకొస్తుంది.

మూడో దారి, పుట్టింటి పేరును మధ్యలో పెట్టుకోవడం. వినడానికి ఇద్దరినీ మెప్పించే పద్ధతి. 2013 అక్టోబర్‌లో టెక్సస్ జడ్జి సాండ్రా వాట్స్ ఓటుకు వెళ్తే డ్రైవింగ్ లైసెన్సులో మధ్య పేరుగా పుట్టింటి పేరు ఉంది, ఓటర్ల జాబితాలో అసలు మధ్య పేరు ఉంది. న్యాయమూర్తి అయినా ఆ మనిషిని నేనేనని అఫిడవిట్ మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. అక్కడి చట్టం కాస్త తేడాను ఒప్పుకుంటుంది కాబట్టి సంతకంతో పోయింది. హైఫన్‌దీ ఇదే తంతు, ఒకచోట పడుతుంది, ఇంకోచోట ఎగిరిపోతుంది.

ఓటు వరకే అడిగితే నా ఓటు పుట్టింటి పేరుకే. తర్వాతి స్థానం పూర్తిగా మార్చుకున్న పేరుది, చివరిది మధ్య పేరు పద్ధతి. వీటన్నిటికంటే అధ్వాన్నం సగం మార్పు: లైసెన్సులో ఒకటి, ఓటర్ల జాబితాలో ఇంకొకటి. మార్చదలిస్తే ముందు సోషల్ సెక్యూరిటీ, తర్వాత లైసెన్సు, పాస్‌పోర్టు, ఆ వెంటనే ఓటరు నమోదు. పాస్‌పోర్టు వచ్చి ఏడాది నిండకముందే, పేరు మారిన ఏడాదిలోపు అడిగితే మామూలు ఫీజు లేకుండానే కొత్తది ఇస్తారు. పెళ్లి సర్టిఫికెట్ సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసిపెట్టుకోండి, జిరాక్సు చాలా చోట్ల చెల్లదు.