అమెరికా ఆడవాళ్ల ఓటు హక్కు: రాష్ట్రాల చట్టమా, దేశం మొత్తానికీ ఒకే చట్టమా? ఏది మేలు?

ఒరెగాన్‌లో ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా వద్దా అని 6 సార్లు ఎన్నిక పెట్టారు. ఆ ఎన్నికలో ఓటేసేది మగవాళ్లే. 5 సార్లు వద్దన్నారు, చివరికి 1912లో సరేనన్నారు. రాష్ట్రం వారీగా పోరాడితే ఉండే కష్టమే ఇది. ఒక చోట గెలిచినా పక్క రాష్ట్రంలో చందాలు, సభలు, ఇల్లిల్లూ తిరగడం మళ్లీ మొదటికే. 1915లో న్యూయార్క్, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్, న్యూజెర్సీ నాలుగు చోట్లా ఓడిపోయారు. వచ్చిన హక్కు నిలుస్తుందన్న నమ్మకమూ లేదు. వాషింగ్టన్ ఇంకా రాష్ట్రం కాకముందే, 1883లో, అక్కడి ఆడవాళ్లకు ఓటు వచ్చింది. 1887లో కోర్టు కొట్టేసింది. మళ్లీ వచ్చేసరికి 1910 అయింది!

రాజ్యాంగ సవరణతో దేశం మొత్తానికీ ఒకే చట్టం తెచ్చే దారి కూడా నల్లేరు మీద నడకేం కాదు. 1878లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ముందుకొచ్చిన ప్రతిపాదన 1919 జూన్‌లో గానీ గట్టెక్కలేదు. ఆపైన 48 రాష్ట్రాల్లో 36 ఒప్పుకోవాలి. అయితే అక్కడ శాసనసభ ఒప్పుకుంటే చాలు, ఊరూరా మగవాళ్లందరినీ ఒప్పించే పని లేదు. 36 రాష్ట్రాలు కుదిరాయంటే, కాదన్న రాష్ట్రాలూ తలొగ్గాల్సిందే.

36వ రాష్ట్రం టెనెసీ. 1920 ఆగస్టు 18న సభలో హ్యారీ బర్న్ అనే 24 ఏళ్ల సభ్యుడు కోటుకు ఎర్ర గులాబీ పెట్టుకుని కూర్చున్నాడు. అది వ్యతిరేకుల గుర్తు. జేబులో మాత్రం సవరణకు మద్దతివ్వమని వాళ్లమ్మ రాసిన ఉత్తరం ఉంది. పేరు పిలవగానే ఔనన్నాడు. 1918లో అతను గెలిచిన ఎన్నికలో ఆ తల్లికి ఓటు లేదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

నా ఓటు దేశం మొత్తానికీ ఒకే చట్టానికే. ఊరు మారితే పోయేదాన్ని హక్కు అని ఎలా అంటాం? అలాగని రాష్ట్రాల్లో పడ్డ శ్రమ వృథా పోలేదు. మొంటానాలో 1914లో ఆడవాళ్లకు ఓటు రాబట్టే 1916లో జెనెట్ ర్యాంకిన్ కాంగ్రెస్‌కు వెళ్లింది, 1918 జనవరిలో ఈ సవరణపై చర్చను మొదలుపెట్టింది. ఆడవాళ్ల ఓట్లతో గెలవాల్సిన సభ్యులు పెరిగేకొద్దీ కాంగ్రెస్ మెత్తబడింది.

సవరణ వచ్చాక కూడా దక్షిణాది రాష్ట్రాలు ఓటు పన్నులు, చదువు పరీక్షలు అడ్డుపెట్టి నల్లజాతి మహిళలను పోలింగ్ దగ్గరికి రానివ్వలేదు. వాళ్లలో చాలామందికి ఓటు నిజంగా చేతికందింది 1965లో. అదీ జాతీయ చట్టంతోనే.