గ్రాఫైట్ మూసకు సగం సెగతోనే గండం

వరంగల్‌లో గంటలు, దీపపు కుందుల పోతకు డీజిల్ బర్నర్ కొలిమిలో చాలాకాలంగా వాడుతున్న నంబర్ 10 సైజు మట్టి-గ్రాఫైట్ మూస (లోహం కరిగించే గిన్నె) ఇది. ఎంత పడుతుంది, ఎంత వేడికి ఆగుతుంది అన్నది పోతపని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది మూస గోడకు ఉండే పైపూత సంగతి.

ఆ పూత ఉన్నన్నాళ్లూ ఈ మూసకు తిరుగులేదు. ఇత్తడి పోసే వెయ్యి డిగ్రీల దగ్గర అది కరిగి, గాజుపొరై గోడంతా కమ్ముకుంటుంది. గాలిని లోపలికి రానివ్వదు. గండం అంతకంటే ముందే ఉంది. గ్రాఫైట్ అంటే కార్బనే, గాలి తగిలితే అది సుమారు 500 డిగ్రీల నుంచే కాలడం మొదలుపెడుతుంది. పూత అప్పటికి ఇంకా కరగదు, దాని సన్న పగుళ్లు పూడవు. 500కీ 800కీ మధ్య, ఈ సగం సెగలో, మూస ఎంతసేపు నిలిస్తే అంత కార్బన్ గాలిలో కలిసిపోతుంది. మిగిలేది గుల్ల మట్టి.

భోజనాల వేళ బర్నర్‌ను సన్నమంట మీద పెట్టి, బ్లోయర్‌ను అట్లనే నడవనివ్వడం పోతశాలల్లో మామూలే. మా మూసను తిన్నది అదే. మంట నేరుగా కొట్టే పక్క, నడుము దగ్గర అరచేయంత మేర నలుపు పోయి తెల్లబూడిద రంగు తేలింది. మంచిచోట వేలు రాస్తే మసి అంటుతుంది. ఇక్కడ అంటలేదు, గోటితో గీకితే పొడి రాలింది. లోపలివైపు మాత్రం కొత్తదానిలాగే ఉంది, అందుకే అనుమానం రాదు. గ్రాఫైట్ పోయిన గోడ వేడిని తొందరగా లోపలికి పంపదు. కరుగు ఆలస్యమై, డీజిల్ ఎక్కువ తాగుతుంటే అదే మొదటి గుర్తు. ఆఖరికి పట్కారు సరిగ్గా ఆ నడుము మీదే పడింది. ఎత్తుతుంటే నెర్రె విచ్చి, ఇత్తడంతా కొలిమి అడుగుకు జారింది.

కొత్త మూసను 200 డిగ్రీల దాకా నిదానంగా కాచి, తేమ పోయాక ఆలస్యం చేయకుండా ఎర్రబడేదాకా లేపాలి. వానాకాలంలో నేలమీద పెడితే చెమ్మ పీలుస్తుంది, ఆ ఆవిరే పూతను పెచ్చులుగా ఊడగొడుతుంది. ఆఖరి పోత కాగానే బ్లోయర్ ఆపి, కొలిమికి మూతేసి, గాలి దారులన్నీ మూసేయండి; చల్లారేటప్పుడూ అదే సగం సెగ దాటాలి కదా. మూస కింద పెట్టే దిమ్మ ఎత్తు సరిచేస్తే మంట పొట్టకు తగలకుండా, మూసా దిమ్మా కలిసేచోట చుట్టూ తిరుగుతుంది. కరుగు కరుగుకూ మూసను పావువంతు తిప్పండి. మలినాలు తేల్చే వెలిగారం (బోరాక్స్) లోహం కరిగాకే చల్లాలి, ముందే వేస్తే గోడను తింటుంది. కొన్నరోజే తూకం రాసిపెట్టుకుని, గోడకు అంటిన చిట్టెం గీకేసి అప్పుడప్పుడూ తూచి చూస్తే గోడ ఎంత పోయిందో దాగదు.

సిలికాన్ కార్బైడ్ మూసను ఇదివరకు అడిగినవాళ్లందరికీ కొనమని చెప్పేవాణ్ని. ఎక్కువకాలం వచ్చిన మాట నిజమే. సిలికాన్ కార్బైడ్ కాలినచోట సిలికా పొర ఏర్పడి కాపాడుతుంది. కాని అందులో సిలికాన్ కార్బైడ్ గింజలను పట్టి ఉంచేది కార్బనే. సన్నమంట అలవాటు మానకపోతే ఆ ధర గిట్టదు.

రోజంతా ఆపకుండా కరిగించేవాళ్లకు మట్టి-గ్రాఫైట్ చాలు. ఆర్డర్ ఉన్నరోజే కొలిమి వెలిగే మాలాంటి చోట తొందరగా అరుగుతుంది, అయినా ధర చూసి ఇదే కొంటున్నాం. అల్యూమినియం పోసేవాళ్లు మాత్రం నా మాట మీద కొనొద్దు. అది 660 దగ్గరే కరుగుతుంది, 700–750లో పోస్తారు. అంటే మూస పొద్దంతా సగం సెగలోనే ఉంటుంది. తక్కువ వేడికే కరిగే పూత ఉన్నదాన్ని అడిగి తీసుకోండి.