అమ్మకపు పన్నా, ఆస్తి పన్నా?

కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ ఓటర్లు 2025 నవంబర్‌లో మెజర్ ఏ అనే పన్ను ప్రతిపాదనను ఆమోదించారు. దాంతో అమ్మకపు పన్ను ఐదేళ్లపాటు 0.625 శాతం పాయింట్లు పెరుగుతుంది. కౌంటీ ఆసుపత్రులకు కేంద్రం నుంచి వచ్చే డబ్బు తగ్గుతుందన్న టెన్షనే దీనికి కారణం. శాన్ హోసే, సన్నీవేల్‌లలోని మన తెలుగు కుటుంబాలూ ఇది కట్టాల్సినవాళ్లే.

అమ్మకపు పన్నులో ఒక మేలుంది: బియ్యం, కూరగాయలు, డాక్టర్ రాసిన మందుల మీద ఇది పడదు. బయటి ఊళ్ల నుంచి వచ్చి కొనేవాళ్లూ కొంత భారం మోస్తారు. కానీ 40,000 డాలర్ల కారు కొంటే అదనంగా 250 డాలర్లు. జీతం ఎంతైనా అంతే. చిన్న జీతగాడికి ఇది చాలా బరువు, నాకు నచ్చనిదీ ఇదే.

ఆస్తి పన్ను ఇళ్లున్నవాళ్ల మీద పడుతుంది కాబట్టి న్యాయంగా తోస్తుంది. అయితే 1978లో రాష్ట్ర ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 అనే చట్టం మూల రేటును 1 శాతానికి, పన్ను లెక్కించే విలువలో ఏటా పెరుగుదలను 2 శాతానికి కట్టేసింది. ఇల్లు చేతులు మారినప్పుడే ఆ విలువను మళ్లీ మార్కెట్ ధరకు లెక్కిస్తారు. దాంతో పక్కపక్క ఇళ్లలోనే పాతకాపు తక్కువ, కొత్తగా కొన్నవాడు ఎక్కువ కడతారు.

ఆసుపత్రి తలుపులు తెరిచి ఉండాలంటే ఇప్పటికి అమ్మకపు పన్నే దారి. గడువు ఐదేళ్లే కాబట్టి నేను ఒప్పుకుంటాను.