100 మెగాహెర్ట్జ్, 16 ఛానళ్ల లాజిక్ ఎనలైజర్ అని అమ్ముతున్నారు, జాగ్రత్త. నేను మోసపోయాను

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. అమ్మినాయన మాటలు ఇంకా చెవిలో ఉండగానే రాస్తున్నా, వరస తప్పితే సర్దుకుని చదవండి.

ఆన్‌లైన్‌లో పార్టులు తెప్పించుకునే మనందరికీ తెలిసిన అమ్మకందారే, పేరు రాయను. కాలేజీ రోజుల నుంచి రెసిస్టర్ల దగ్గర్నుంచి అన్నీ అక్కడే కొంటున్నా. లాజిక్ ఎనలైజర్ అంటే తీగల మీద పోయే 0, 1 సిగ్నళ్లను కంప్యూటర్ తెర మీద చూపించే పరికరం. ‘100 మెగాహెర్ట్జ్, 16 ఛానళ్లు’ అని, అంటే సెకనుకు 10 కోట్ల సార్లు చొప్పున ఒకేసారి 16 తీగలు చూస్తుందని పెట్టారు, 6,400 రూపాయలు. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ పార్టులమ్మే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి చేత్తో చూసి తెచ్చుకుందామనుకున్నా. ఖమ్మం నుంచి రానూపోనూ ఒక సెలవు పోతుందని ఆర్డర్ పెట్టేశా.

ఎందుకు కొన్నానో రెండు ముక్కల్లో చెప్తా. ఊళ్లో నాన్న బోరు మోటారు రెండేళ్లలో రెండుసార్లు కాలిపోయింది. మూడు ఫేజుల్లో ఏది ఎప్పుడు పడిపోతోందో ఎస్‌డీ కార్డులో రాసిపెట్టే చిన్న బోర్డు ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్‌తో చేస్తున్నా. అది ఒకసారి రాస్తుంది, ఒకసారి రాయదు. తప్పు కోడ్‌లోనా వైరింగ్‌లోనా తేలాలంటే దానికీ కార్డుకూ మధ్య డేటా పోయే తీగల (ఎస్‌పీఐ లైన్లు) మీద ఏం పోతోందో కళ్లతో చూడాలి కదా.

పార్సెల్ వచ్చిన రాత్రే పల్స్‌వ్యూ అనే ఎనలైజర్ సాఫ్ట్‌వేర్‌లో కలిపి చూశా. ఎనిమిది ఛానళ్లే కనిపించాయి. శాంప్లింగ్ రేటు (సెకనుకు ఎన్నిసార్లు చూస్తుందన్న లెక్క) 24 మెగాహెర్ట్జ్ దాటి పైకి పోవడం లేదు. అనుమానం వచ్చి వెంటనే వాట్సాప్‌లో అడిగా. ‘అది ఫ్రీ సాఫ్ట్‌వేర్ సార్, అందులో 24 దాకానే వస్తుంది. హార్డ్‌వేర్ వందే. మా సాఫ్ట్‌వేర్ లింక్ పది రోజుల్లో పంపిస్తాం, అప్పటిదాకా ఇలాగే వాడుకోండి’ అని జవాబు. పల్స్‌వ్యూ ఉచితమే గానీ అందులో 24 కంటే చాలా ఎక్కువ రేటుతో నడిచే పరికరాలు ఉన్నాయని నాకు తెలుసు. తెలిసీ నమ్మాను. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నా.

ఆ నమ్మకానికి నాలుగు రాత్రులు పోయాయి. కార్డు క్లాక్ (ఒక్కో బిట్ ఎప్పుడు పోవాలో చెప్పే సిగ్నల్) 20 మెగాహెర్ట్జ్ పెట్టా. తెర మీద 4 మెగాహెర్ట్జ్ కనిపించింది. గజిబిజిగా ఉంటే అప్పుడే అనుమానించేవాణ్ణి. మూడు శాంపిళ్లు పైన, మూడు కింద, స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. 20 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను సెకనుకు 2 కోట్ల 40 లక్షల సార్లే చూస్తే తెర మీదికి వచ్చేది ఆ రెంటి తేడా, 4 మెగాహెర్ట్జ్. అసలు ఆ తీగ మీద లేని సిగ్నల్ అది! నేనేమో కోడ్‌లో క్లాక్ వేగం నిర్ణయించే డివైడర్ తప్పు రాశాననుకుని బాగున్న కోడ్‌ను మార్చి మార్చి పాడుచేసుకున్నా. డేటా లైను డీకోడ్ చేస్తే అన్నీ చెత్త బైట్లు. కార్డు పోయిందేమోనని ఇంకో కార్డు కూడా కొన్నా.

పదకొండో రోజుకీ లింక్ రాలేదు. నిన్న రాత్రి స్క్రూలు విప్పి చూశా. లోపల సైప్రెస్ సీవై7సీ68013ఏ అనే యూఎస్‌బీ చిప్పు, దాని గుర్తింపు వివరాలు దాచే చిన్న ఈఈప్రామ్, సిగ్నళ్లను లోపలికి అందించే ఒక బఫర్ ఐసీ. అంతే. అంత వేగంగా శాంపిళ్లు తీసే ఎఫ్‌పీజీఏ చిప్పు లేదు, వాటిని దాచే మెమరీ లేదు. వెయ్యి రూపాయల లోపు దొరికే 24 మెగాహెర్ట్జ్ బుల్లి ఎనలైజర్లో ఉండే సరుకే ఇది. చివరి ఎనిమిది ఛానళ్ల పిన్నులు బోర్డుకు టంకం వేసి ఉన్నాయి గానీ వాటి నుంచి ఒక్క ట్రాక్ కూడా ఎటూ పోలేదు. మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి ఒక్కో పిన్నూ తాకించా. ఒక్కటీ మోగలేదు. పని చేయదని తెలిసి, కనిపించడం కోసమే పిన్నులు పెట్టి టంకం వేశారంటే ఏమనాలి?

కొనేముందు ఒక్క గుణకారం చేసి ఉంటే నాకీ గతి పట్టేది కాదు. 16 ఛానళ్లు, ఒక్కోటి సెకనుకు 10 కోట్ల బిట్లు, మొత్తం 1,600 మెగాబిట్లు. ఈ పరికరం వాడే యూఎస్‌బీ 2.0 తీగలో సెకనుకు 480 మెగాబిట్లకి మించి పట్టదు. అంటే ఆ వేగం కావాలంటే పరికరంలోనే సొంత మెమరీ ఉండి తీరాలి. వాళ్ల పేజీలో మెమరీ అన్న మాటే లేదు. అది చూడకుండా డబ్బు కట్టాను.

ఇవాళ ఫోన్ చేసి మొత్తం చెప్పా. ఎత్తినాయన ఒక్కటి కూడా కాదనలేదు. తాపీగా అంతా విని, ‘సార్, 24 అని మీరు మొదటి రోజే చూశారు కదా. మీ మెసేజ్ నా ముందే ఉంది, తేదీతో సహా. అప్పుడే వాపసు పెట్టాల్సింది. ఏడు రోజులు దాటిపోయాయి, పైగా స్క్రూలు కూడా విప్పారు’ అన్నాడు. పది రోజులు ఆగమన్నది మీరే కదా అన్నా. ‘మేం ఆగమంటే మీరు ఆగాలని రూలుందా?’ అన్నాడు. పక్కన ఎవరో నవ్వడం వినిపించింది.

ఆ మాట నాకింకా మింగుడు పడటం లేదు. పది రోజులన్న లెక్క వాళ్ల నోటికి ఊరికే రాలేదు, వాపసు గడువు ఏడు రోజులు దాటించడానికే వచ్చింది. సాయం కోసం నేను పెట్టిన మెసేజ్‌నే నా మీద సాక్ష్యంగా పట్టుకున్నారు. ఇన్నేళ్లు కొన్న మనిషితో ఇలా మాట్లాడొచ్చా? నాన్న మొన్న కూడా అడిగాడు, బోర్డు ఎంతవరకు వచ్చిందిరా అని. ఏమీ చెప్పలేకపోయా.

నా కోపం ఆ చిప్పు మీద కాదు. ఐ2సీ 100 లేదా 400 కిలోహెర్ట్జ్, 115200 బాడ్ సీరియల్, ఇలాంటి నెమ్మది సిగ్నళ్లకు ఆ బుల్లి ఎనలైజర్ చక్కగా చాలు. దాన్ని దాని ధరకే, దాని పేరుతోనే కొనండి. మీరు చూడబోయే సిగ్నల్‌కు కనీసం నాలుగు రెట్లు శాంప్లింగ్ ఉండాలి. 1.8 వోల్టుల బోర్డులైతే థ్రెషోల్డ్ (ఎన్ని వోల్టులు దాటితే ఒకటిగా లెక్కవేయాలన్న హద్దు) మార్చుకునే వీలుందా అని ముందే అడగండి, ఈ చిప్పు 2 వోల్టులు దాటితేనే ఖాయంగా ఒకటిగా లెక్కవేస్తుంది. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. ఆ రోజే ఈఎస్‌పీ32 నుంచి 1, 5, 10, 20 మెగాహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇచ్చి ప్రతి ఛానలూ చూసుకోండి. తేడా వస్తే ముందు వాపసు పెట్టి, తర్వాత మాట్లాడండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి రేపు పొద్దున్నే ఫిర్యాదు చేస్తున్నా. చాట్, బిల్లు, విప్పిన బోర్డు ఫోటోలు అన్నీ దాచిపెట్టా, ఇదే దెబ్బ తిన్నవాళ్లెవరైనా అడిగితే పంపిస్తా.

ఈ పోస్టు పెట్టే ముందు వాళ్ల పేజీ మళ్లీ చూశా. 100 మెగాహెర్ట్జ్, 16 ఛానళ్లు అనే ఉంది. ఇంకా మూడు స్టాక్‌లో ఉన్నాయట.