కొండలెక్కేవాళ్లకు ఏది మేలు: ఆరోగ్య బీమానా, ప్రమాద బీమానా, ట్రావెల్ పాలసీనా?

హిమాలయాల ట్రెక్కు బుక్ చేసుకున్న ప్రతివాళ్లూ అడిగే ప్రశ్నే ఇది. హెల్త్ పాలసీ చాలా, ప్రమాద బీమా కూడా ఉండాలా? సాధారణంగా ప్రీమియం ఎంత, కవరేజీ ఎంత అని పోల్చి చూసుకుంటారు. కానీ డబ్బు వచ్చేదీ రానిదీ తేలేది వేరేచోట. మీకు జరిగింది జబ్బా, ప్రమాదమా అన్నది కాగితం మీద ఎలా పడిందో దాన్నిబట్టే మిగతాదంతా.

బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిర్వచనం ప్రకారం ప్రమాదం అంటే హఠాత్తుగా, అనుకోకుండా, మన ఇష్టం లేకుండా, బయటి నుంచి, కంటికి కనబడేలా, బలంగా తగిలేది. రాయి మీద కాలు జారి మడమ విరిగితే ఇందులో చక్కగా ఇమిడిపోతుంది. 4,500 మీటర్ల ఎత్తులో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే ఇమడదు. మెదడు వాచినా అంతే. రెండూ ప్రాణం తీసేవే అయినా బీమా భాషలో అవి జబ్బులు. కోటి రూపాయల ప్రమాద బీమా ఉన్నా వాటికి చిల్లిగవ్వ రాదు. మంచుకాటుకు వేళ్లు తీసేయాల్సి వస్తే అది ప్రమాదమా కాదా అని కంపెనీ వాదనకు దిగే అవకాశం ఉంది. ఎత్తైన కొండల్లో భయపడాల్సినవాటిలో ఇవే ముందుంటాయి కాబట్టి, ప్రమాద బీమా ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్లడం తెలివైన పని కాదు.

ఆరోగ్య బీమాకు ఈ పేచీ లేదు. జబ్బయినా దెబ్బయినా ఆసుపత్రిలో చేరితే ఖర్చు ఇస్తుంది. కాకపోతే కొత్త పాలసీకి మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ కవరేజీ ఉండదు. వచ్చేవారం ట్రెక్కు పెట్టుకుని ఈ వారం పాలసీ తీసుకుంటే, విరిగిన కాలికి డబ్బు వస్తుంది, ఎత్తు వల్ల వచ్చిన జబ్బుకు రాదు. కనీసం నెలన్నర ముందు తీసుకోండి.

"సాహస క్రీడలకు హెల్త్ పాలసీ వర్తించదు" అనే మాట ఏజెంట్ల నోటా వినిపిస్తుంది. అది సగమే నిజం. 2019లో ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన మినహాయింపుల జాబితాలో తొమ్మిదోది దీని గురించే. రాక్ క్లైంబింగ్, పర్వతారోహణ, రాఫ్టింగ్, స్కూబా డైవింగ్, స్కై డైవింగ్ వంటివాటిలో ప్రొఫెషనల్‌గా పాల్గొన్నప్పుడు అయిన గాయాలకు ఖర్చు ఇవ్వరు. అసలు కీలకం ఆ "ప్రొఫెషనల్‌గా" అన్న మాటే. సెలవు పెట్టి సరదాకు కొండెక్కేవాళ్లు ఆ మాటలోకి రారు. జీతం తీసుకునే ట్రెక్ లీడరు, రాఫ్ట్ గైడు, క్లైంబింగ్ కోచ్ వస్తారు. వీళ్లిద్దరికీ మధ్య ఉన్నవాళ్లకే తలనొప్పి. వారాంతాల్లో డబ్బు తీసుకుని బృందాలను నడిపించే ఉద్యోగిని ఏమనాలి? ప్రైజ్ మనీ గెలిచే ట్రైల్ రన్నర్‌ని? అలాంటివాళ్లు పాలసీ తీసుకునే ముందే కంపెనీకి ఈమెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. ఫోన్‌లో చెప్పిన హామీ క్లెయిమ్ రోజున పనికిరాదు.

ప్రపోజల్ ఫారంలో సాహస క్రీడల గురించి ప్రశ్న ఉంటే నిజమే రాయండి. ఇష్టపడి ముప్పు తెచ్చుకున్నవాడి ఖర్చు అందరూ కట్టే ప్రీమియంలోంచి ఎందుకివ్వాలని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నకు నియమాలే గీత గీశాయి: వృత్తిగా చేసేవాడు విడిగా చూసుకోవాలి, సరదాగా చేసేవాడిని మిగతావాళ్లతో కలిపి మోస్తారు. అలా మోయించుకునేవాడు కనీసం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చెప్పకపోతే నష్టపోయేదీ అతనే. పాలసీ 60 నెలలు నిరాటంకంగా నడిచేదాకా, విషయం దాచారనే కారణంతో క్లెయిమ్ తిరస్కరించే వీలు కంపెనీకి ఉంటుంది.

మోకాలి లిగమెంట్ల సంగతి విడిగా చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చాలా పాలసీల్లో కీళ్ల సమస్యలకు 24 నెలల వెయిటింగ్ ఉంటుంది. ప్రమాదం వల్ల వచ్చినవాటికి అది వర్తించదు. దిగేటప్పుడు మోకాలు మెలిపడి ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంటు) తెగితే, డిశ్చార్జి సమ్మరీలో ఫలానా తేదీన జారిపడ్డట్టు ఉండాలి. "కొన్ని నెలలుగా మోకాలి నొప్పి" అని మాత్రమే ఉంటే అది పాత జబ్బు కిందికి పోతుంది. ఉన్నది దాచమని కాదు, జరిగింది పూర్తిగా చెప్పమని. ఓపీలో చూసే డాక్టరుకు ఎప్పుడు, ఎక్కడ, ఎలా పడ్డారో చెప్పి, రాశారో లేదో అక్కడే చూసుకోండి. అడ్మిట్ కాకుండా విడిగా చేయించుకున్న ఎంఆర్ఐ, నెలల తరబడి సాగే ఫిజియోథెరపీ మామూలు పాలసీల్లో చాలావరకు మీ జేబు నుంచే.

ఆసుపత్రి అంటే ఏమిటన్నదానికీ నిర్వచనం ఉంది. స్థానిక అధికారుల దగ్గర రిజిస్టరు కాని ఆసుపత్రి అయితే, పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, ఆపరేషన్ థియేటర్, రాత్రింబవళ్లు నర్సులు, డాక్టర్లు ఉండాలి. కాబట్టి కొండమీద గుడారంలో రాత్రంతా ఆక్సిజన్ పెట్టించుకున్నా అది ఇన్‌పేషెంట్ చికిత్స కాదు. కిందికి తేవడం మరో ఖర్చు. ఐఆర్‌డీఏఐ ప్రామాణిక ఆరోగ్య పాలసీ అయిన ఆరోగ్య సంజీవనిలో రోడ్డు అంబులెన్సుకు ఒక్కో అడ్మిషన్‌కు ఇచ్చేది 2,000 రూపాయలే. హెలికాప్టరు మాట అందులో లేదు.

మరి ప్రమాద బీమా దేనికి? ఆసుపత్రి బిల్లు తీరాక ఇంట్లో కూర్చునే నెలలకు. ఆరోగ్య బీమా పోయిన జీతాన్ని ఇవ్వదు, వైకల్యానికీ ఇవ్వదు. ప్రమాద బీమా ఇస్తుంది. ఐఆర్‌డీఏఐ ప్రామాణిక పాలసీ సరళ్ సురక్షా బీమా 2.5 లక్షల నుంచి కోటి దాకా దొరుకుతుంది. పని చేయలేని కాలానికి వారం వారం డబ్బు ఇచ్చే భాగం అందులో ఐచ్ఛికం, అడిగి కలుపుకోవాలి. మిగతా ప్రమాద పాలసీలు కొన్నింటిలో మినహాయింపు దగ్గర "ప్రొఫెషనల్‌గా" అన్న మాట ఉండదు, సాహస క్రీడలన్నిటినీ కలిపి కొట్టేస్తారు. ఆ ఒక్క వాక్యం చదివాకే సంతకం పెట్టండి.

ట్రావెల్ పాలసీ సరిహద్దు దాటేటప్పుడే, ముఖ్యంగా నేపాల్‌కు. సాహస క్రీడల కవరు ఉందా అన్నదానికంటే ఎన్ని మీటర్ల దాకా అన్నది చూడాలి. 4,500 అని రాసి ఉంటే అన్నపూర్ణ బేస్ క్యాంప్‌కు సరిపోతుంది, అది 4,130 మీటర్లు. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364, అన్నపూర్ణ చుట్టూ తిరిగే దారిలోని థొరాంగ్ లా కనుమ 5,416. ఆ రెండింటికీ అది చిత్తు కాగితమే. తాడు, ఐస్ యాక్స్ వాడితే కవరేజీ ఉండదన్న షరతు ఉందేమో కూడా చూడండి. హెలికాప్టర్ ఖర్చు కావాలంటే ఎగరకముందే కంపెనీ సహాయ నంబరుకు ఫోన్ చేసి ఒప్పుకోలు తీసుకోవాలి. అవసరం లేని హెలికాప్టర్ రెస్క్యూల బిల్లులపై 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపింది. అప్పటి నుంచి బీమా కంపెనీలు ఈ బిల్లులను భూతద్దంలో చూస్తాయి.

ట్రెక్ నిర్వాహకులు, రేసుల వాళ్లు ఫీజుతో కలిపి ఇచ్చే బీమా ఉంటే మంచిదే, లెక్కలో వేసుకోకండి. ఆఫీసు గ్రూప్ పాలసీ ఉద్యోగం మారిన రోజున పోతుంది.

దేశంలోనే కొండలెక్కేవాళ్లకు నేను చెప్పేది ఇదే: సొంత ఆరోగ్య బీమా ముందు, అది చాలదనుకుంటే దానిమీద సూపర్ టాపప్ (ఏడాది ఖర్చు ఒక పరిమితి దాటాక పైదాన్ని ఇచ్చే అదనపు పాలసీ). వారం వారం డబ్బు వచ్చే భాగంతో ప్రమాద బీమా ఆ తర్వాత. ట్రావెల్ పాలసీ నేపాల్ వెళ్లే ఏడాదికి చాలు. పాలసీ నంబరు, సహాయ నంబరు బ్యాగులో కాగితం మీద రాసి, మీతో వచ్చేవాళ్లకూ ఇవ్వండి. అత్యవసరంగా చేరితే చాలా పాలసీల్లో 24 గంటల్లోపు కంపెనీకి తెలపాలి. సిగ్నల్ లేని లోయలో ఆ ఫోన్ చేయాల్సింది పడుకున్న మీరు కాదు, ముందుగా కిందికి దిగే మనిషి.