ఎల్ఎల్‌బీలో మూట్ కోర్టు పేపరు: కొన్నేళ్లు ప్రాక్టీసు చేశాక నా అభిప్రాయం

ఆఖరి ఏడాది మూట్ కోర్టు (కల్పిత కేసు మీద విద్యార్థులు వాదించే నమూనా కోర్టు), ఇంటర్న్‌షిప్ పేపరు నిజంగా అక్కరకొస్తుందా అని జూనియర్లు అడుగుతుంటారు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో కొన్నేళ్లుగా సాక్షుల్ని క్రాస్ (ఎదుటి పక్షం సాక్షికి ప్రశ్నలు వేయడం) చేస్తున్నాను కాబట్టి చెప్తున్నా: వస్తుంది, కానీ అందరూ మోజుపడే భాగం మాత్రం అంతగా కాదు.

బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో దీనికి 100 మార్కులు. మూడు మూట్లకు 30, ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణ చూసి రాసే రికార్డుకు 30, క్లయింటు ఇంటర్వ్యూ, కేసు తయారీ, డైరీలకు 30, వైవాకు 10. మా కాలేజీలో హడావుడంతా మొదటి 30 చుట్టూనే. మూట్ల వల్ల నిలబడి మాట్లాడే ధైర్యం వస్తుంది, సైటేషన్లు (వాదనకు పనికొచ్చే పాత తీర్పులు) వెతకడం అలవాటవుతుంది, కాదనను. అయితే అక్కడ కేసు సంగతులన్నీ ముందే అచ్చేసి ఇస్తారు. అది అప్పీలు పని. కింది కోర్టులో ఆ సంగతుల్ని సాక్షి నోటి నుంచే రాబట్టాలి. మూట్‌లో సాక్షే ఉండడు!

మన దగ్గర రోజూ నడిచే ప్రోనోటు దావానే తీసుకోండి. సివిల్‌లో చీఫ్ (సాక్షి తన పక్షం తరఫున చెప్పే మొదటి వాంగ్మూలం) అఫిడవిట్ రూపంలో వేసేస్తారు, కాబట్టి అసలు పనంతా క్రాస్‌లోనే. మనం ప్రతివాది తరఫున ఉన్నాం, సంతకం అతనిది కాదన్నది మన వాదన అనుకుందాం. నోటు సాక్షి పీడబ్ల్యూ-2గా (వాది తరఫు రెండో సాక్షిగా) బోనెక్కాడు. "అబద్ధం చెప్తున్నావు కదా?" అంటే "కాదండీ" అంటాడు, అయిపోయింది. నోటు ఎవరింట్లో రాశారు, దస్తూరి ఎవరిది, స్టాంపు ఎవరు తెచ్చారు, డబ్బు ఎవరు లెక్కపెట్టారు... ఇలా ఒక్కో ప్రశ్నలో ఒక్కటే అడగాలి. వాది తన ఇంట్లో అని, ఇతను కొట్లో అని చెప్తే అక్కడే ఆపేయాలి. తేడా ఎందుకొచ్చిందని అడిగామా, అతనే సర్దేసుకుంటాడు.

ఇంకోటి, సాక్షి తెలుగులో చెప్తాడు, జడ్జిగారు ఇంగ్లిషులో డిక్టేట్ చేస్తారు. "ఇచ్చినట్టే ఉన్నారండీ" అన్నది "ఇచ్చారు" అని రికార్డుకెక్కితే ఆర్గ్యుమెంట్స్‌లో ఎంత మొత్తుకున్నా లాభం లేదు. అప్పుడే లేచి, మర్యాదగా, "'ఇచ్చినట్టే' అన్నాడు సార్" అనాలి. ఈ ఒడుపు మూట్ కోసం రాసే ఏ మెమోరియలూ (రాతపూర్వక వాదన) నేర్పదు.

క్రిమినల్‌లో ఒమిషన్ రుజువు చేయడమూ అంతే. పోలీసులకు చెప్పని ముఖ్యమైన మాట సాక్షి కోర్టులో చెప్తే, పోలీసులకు ఇది చెప్పలేదు కదా అని ముందు అతన్నే అడగాలి. తర్వాత ఐఓ (దర్యాప్తు అధికారి) బోనెక్కినప్పుడు "నా దగ్గర అలా చెప్పలేదు" అని అతని చేతా చెప్పించాలి. రెండోది వదిలేస్తే మొదటిది దండగ. పోలీసులు సాక్షి దగ్గర తీసుకునే పాత సీఆర్పీసీ 161 స్టేట్‌మెంటు 2024 జులై 1 నుంచి, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 180 కిందికి, సాక్షి ముందు చెప్పిన మాటను చూపి అడిగే సాక్ష్య చట్టం సెక్షన్ 145 కొత్త సాక్ష్య చట్టంలో 148కి మారాయి. పాత గైడ్లు చదివేవాళ్లు జాగ్రత్త.

అందుకే నా ఓటు విచారణ చూసి రాసే రికార్డుకే. చాలామంది సీనియర్ల రికార్డు దింపేస్తారు, సంతకం పెట్టేవాళ్లూ చూసీచూడనట్టు పోతారు. ఒకే కేసు పట్టుకుని వాయిదా వాయిదాకీ వెళ్లండి. సాక్షి అన్నది అన్నట్టు తెలుగులో రాసుకుని, తర్వాత ఆ కేసు వకీలు గారిని డిపోజిషన్ (కోర్టు రికార్డు చేసిన వాంగ్మూలం) కాపీ అడిగి పక్కన పెట్టి చూడండి. సాక్షుల్ని పెట్టి మాక్ ట్రయల్ పోటీలు జరిపే కాలేజీలూ ఉన్నాయి. మీ దగ్గర ఆ అవకాశం ఉంటే మూడో మూట్ కోసం పడే తిప్పలు దాని కోసం పడండి.