కుట్టు పడిన మడమతో మళ్ళీ స్కూబా: దిండిలో మోసం, తోటలో ఆదరణ

"అయిదడుగుల లోతు పూల్ ఉందండి, గది కూడా కిందే ఇస్తామండి" అని ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పారు. రెండు రాత్రులకి ₹11,000 ముందే వేయించుకున్నారు. తీరా కోనసీమలో దిండి దగ్గరున్న ఆ రిసార్టుకి చేరేసరికి చూపించింది రెండో అంతస్తులో గది. లిఫ్టు లేదు. పూల్‌లో మోకాలి లోతు నీళ్ళు, అవీ పాచి పట్టి ఆకుపచ్చగా ఉన్నాయి. మామూలు యాత్రికులైతే గోదావరి చూసుకుంటూ సర్దుకుపోతారేమో. నేను వెళ్ళిందే ఆ పూల్ కోసం: మళ్ళీ స్కూబా డైవింగ్‌కి (వీపున గాలి సిలిండర్‌తో సముద్రంలోకి దిగడం) వెళ్ళేముందు, ఆపరేషనైన కాలిని అందులో పరీక్షించుకోవాలి.

బ్యాడ్మింటన్ ఆడుతుంటే నా ఎడమ కాలి అకిలిస్ టెండన్ పూర్తిగా తెగింది. పిక్క కండరాల్ని మడమ ఎముకకి కలిపే స్నాయువు అది, వాడుకలో మడమ నరం అంటాం. ఒంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే మందమైనది, బలమైనది. తెగినప్పుడు వెనక నుంచి ఎవరో కర్రతో కొట్టినట్టయింది, తిరిగి చూస్తే ఎవరూ లేరు. డాక్టరు బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కారు. అలా నొక్కితే పాదం కిందికి వంగాలి. నాది కదల్లేదు. ఆపరేషన్, మడమ కింద ఎత్తు పెట్టిన బూటు, ఆ తర్వాత నెలల తరబడి ఫిజియో. ఎడమ కాలొక్కదాని మీదే నిలబడి మునివేళ్ళపై లేవగలిగేదాకా ఫిన్స్ (ఈదడానికి పాదాలకి తొడిగే రెక్కలు) ముట్టుకోవద్దని ఫిజియో గట్టిగా చెప్పారు. అది సాధించాక కూడా ముందు పూల్‌లో చూసుకుని, తర్వాతే సముద్రం అన్నారు.

నీళ్ళలో బరువు తెలియదు కదా, కాలికి కష్టమేముంది అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడిగారు. ఫిన్ తొడిగితే పాదం పొడవు పెరిగినట్టే. తన్నిన ప్రతిసారీ ఆ రెక్క మీద పడే నీటి ఒత్తిడిని పిక్క మోయాలి, ఆ లాగుడంతా మడమ నరం మీదే. పొడవాటి గట్టి ఫిన్స్ అయితే మరీ ఎక్కువ. అంతకంటే కష్టం, డైవ్ అయ్యాక పడవ నిచ్చెన ఎక్కడం. అల్యూమినియం సిలిండరే సుమారు 14 కిలోలు, నడుముకి కట్టుకునే సీసం బరువులు వేరే. అంత మోస్తూ మునివేళ్ళతో మెట్టు మీద లేవడమంటే, సరిగ్గా తెగిన చోటే పరీక్ష పెట్టినట్టు.

మా అత్తగారిది అమలాపురం. కనుమ దాకా అక్కడే ఉండి, పండగ రద్దీ తగ్గాక కోనసీమలోనే నాలుగు రోజులు కాలు చూసుకుని, అటునుంచి విశాఖ రుషికొండలో డైవ్ చేద్దామనుకున్నాం. కోనసీమ సముద్రంలోనే డైవ్ చేయొచ్చు కదా అనుకునేవాళ్ళు ఆ ఆశ పెట్టుకోకండి. గోదావరి తెచ్చే ఒండ్రుతో అంతర్వేది, ఓడలరేవు దగ్గర నీళ్ళు మట్టి రంగులో ఉంటాయి. ముసుగు పెట్టుకుని దిగితే మీ చెయ్యే మీకు కనపడదు.

మళ్ళీ ఆ రిసార్టు సంగతికొస్తాను. కుర్ర మేనేజరు "పిల్లలు ఆడుకోవడానికి సరిపోతాయి కదండీ నీళ్ళు" అన్నాడు. మాతో పిల్లలెవరూ లేరు. తమ్ముడు (వాడూ డైవరే, నా సామాను మోయడానికే వచ్చాడు) ఫోన్లో మాట్లాడిన మనిషిని పిలవమన్నాడు. ఆయన ఊళ్ళో లేరట. మా ఆయనకి ఈ డైవింగే ఇష్టం లేదు. మాట్లాడకుండా సూట్‌కేసు పట్టుకుని మెట్లెక్కేశారు. ఆ మౌనం కంటే నాలుగు తిట్లు నయమనిపించింది. మెట్లకి నున్నటి టైల్స్, తుడిచిన తడి ఇంకా ఆరలేదు. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే నాకు పిక్క మీద భారం ఎక్కువనిపించింది. అన్నానికి దిగిన ప్రతిసారీ రెయిలింగు పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కొక్క మెట్టూ దిగాను. రొయ్యల వేపుడు ప్లేటు ₹420, అందులో రొయ్యల కంటే ఉల్లిపాయలే ఎక్కువ. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేస్తామంటే రెండో రాత్రి డబ్బు ₹5,500లో ₹3,000 మాత్రమే ఇచ్చారు. మిగతాది "క్యాన్సిలేషన్ ఛార్జీ" అట. మాటిచ్చిన గది వాళ్ళివ్వలేదు, ఛార్జీ మాత్రం మా నెత్తిన పడింది.

డ్రైవరే దారిలో ఒక తోట చెప్పాడు. రాజోలు దాటాక లోపలికి, కాలవ గట్టు మీదుగా వెళ్ళాలి. కొబ్బరి తోట మధ్యలో పెంకుటిల్లు, పక్కన రెండు గదులు. గదికి ₹1,800, భోజనం మనిషికి ₹250. మనవల కోసం కట్టించుకున్న చిన్న పూల్ ఉంది. నాలుగున్నర అడుగుల లోతు, నీళ్ళు కొబ్బరినీళ్ళంత తేటగా ఉన్నాయి. అన్నిటికంటే నాకు నచ్చింది వెడల్పాటి సిమెంటు మెట్లు, పాదం మొత్తం ఆనుతుంది. సంగతి చెప్పగానే ఇంటాయన "ఆయ్, మీ ఇష్టమొచ్చినంతసేపు ఉండండి, రాత్రి లైటు కూడా వేయిస్తాను" అన్నారు. వాళ్ళావిడ "జాగ్రత్తమ్మా, తడి కాలితో గచ్చు మీద నడవకు" అని గోనెపట్టాలు పరిపించారు. రాత్రికి ₹5,500 తీసుకున్నవాళ్ళకి ఈ ఆలోచన ఎందుకు రాలేదు?

మొదట నా పాత గట్టి ఫిన్స్ తొడిగాను. పూల్ ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్కసారి ఈదేసరికి పిక్క బిగుసుకుంది. తమ్ముడి పొట్టి, మెత్తటి ఫిన్స్‌తో తేడా వెంటనే తెలిసింది. తుంటి నుంచి నెమ్మదిగా తన్నుతూ చీలమండని వదులుగా ఉంచితే నొప్పి లేదు. ఫ్రాగ్ కిక్ (కప్పలా కాళ్ళు పక్కలకి తెరిచి తన్నడం) నాకు ఇంకా హాయిగా ఉంది. ఒకసారి పిక్క పట్టేసింది. డైవింగ్‌లో నేర్పినట్టు ఫిన్ కొస పట్టుకుని లాగబోయాడు తమ్ముడు, వద్దన్నాను. కుట్టిన నరాన్ని మరీ సాగదీస్తే పొడవు పెరిగి, పిక్క బలం తగ్గిపోతుందని ఫిజియో ముందే హెచ్చరించారు. ఆగి, పిక్కని చేత్తో మర్దన చేసుకుంటే వదిలింది.

ఆ మధ్యాహ్నమే తోటలో కొబ్బరికాయల దింపు జరుగుతోంది. చెట్టెక్కే పెద్దాయన నా ఫిన్స్ చూసి "ఇయ్యేటండీ అమ్మగారూ, బాతు కాళ్ళా?" అని అడిగారు. నేను ఆయన పాదాల్నే చూస్తున్నాను. కాళ్ళకి తాడు బందం వేసుకుని ఎక్కుతుంటే మునివేళ్ళ మీద కాదు, పాదం నడిమధ్యన బరువు పెడుతున్నారు. ఎందుకలా అంటే "ఏళ్ళ మీద ఎక్కితే పిక్కలు పట్టేత్తాయండి, నాలుగు చెట్లు కూడా ఎక్కలేం" అన్నారు. నిచ్చెన మెట్టు పాదం మధ్యలో ఆనితే మడమ నరం మీద లాగుడు తగ్గుతుంది. అంత మంది డైవింగ్ వాళ్ళని అడిగినా ఎవరూ చెప్పని సంగతి ఆయన చెట్టు మీద నుంచి చెప్పారు. తోటలో ఉన్న ఇనప నిచ్చెన గోడకి వేయించుకుని, తమ్ముడు నా వీపున నీళ్ళ క్యాన్ కడితే అలాగే ఎక్కి చూశాను. నొప్పి రాలేదు. అప్పటిదాకా పేపర్లోంచి తలెత్తని మా ఆయన వచ్చి నిచ్చెన పట్టుకున్నారు.

అంతర్వేది దర్శనం బాగా అయింది. నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా మాత్రం ఇసుకలో నడవొద్దు. మెత్తటి ఇసుకలో మడమ దిగబడితే ఆ రాత్రంతా పీకుతుంది. తడి ఇసుక గట్టిగా ఉన్న చోటే నేను నడిచాను. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (మనుషుల్నీ బళ్ళనీ దాటించే పడవ) మీద గోదావరి పాయ వశిష్ఠ దాటాం. ఎక్కేచోట నాలాంటివాళ్ళకి ఎవరిదైనా చెయ్యి కావాలి. కోరంగి మడ అడవి ఒక పూటలో చూసేశాం.

తిండి విషయంలో అంబాజీపేట పొట్టిక్కలకి సాటి ఏదీ లేదు. పనసాకుల బుట్టల్లో ఉడికిన ఇడ్లీ, ఆకు వాసన పిండిలోకి దిగుతుంది. నెయ్యి, కారప్పొడి, అల్లం పచ్చడి. ముగ్గురికి ₹240 అయింది, మా ఆయన ఇంకో ప్లేటు చెప్పారు. రాత్రి తోటలో పీతల ఇగురు తిన్నాక తమ్ముడికి కడుపు గడబిడ చేసింది. ముందు జాగ్రత్తకి నన్నూ వేసుకోమని సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర ఇచ్చాడు. నేను ముట్టుకోలేదు. ఆ రకం యాంటీబయాటిక్స్‌తో టెండన్లు వాచి, తెగే ప్రమాదం ఉందని 2008లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ వాటి మీద తీవ్ర హెచ్చరిక పెట్టించింది. ప్రయాణాల్లో ఈ మాత్రలు బ్యాగులో వేసుకోవడం మనవాళ్ళకి అలవాటు. మడమ నరం దెబ్బతిన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు.

రుషికొండలో డైవ్‌కి ₹4,500 తీసుకున్నారు. ఎముకల డాక్టరు రాసిచ్చిన ఫిట్‌నెస్ కాగితం చూపించి, పడవ ఎక్కకముందే నా షరతు చెప్పాను: పైకొచ్చాక సిలిండర్, బరువులు, ఫిన్స్ నీళ్ళలోనే విప్పి అందిస్తాను, ఆ తర్వాతే నిచ్చెన. ఇన్‌స్ట్రక్టరు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. నీళ్ళు కాస్త మసగ్గా ఉన్నా చేపల గుంపులు కనిపించాయి, కాలు ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. మెట్టు మీద పాదం మధ్య భాగం ఆనించే పైకెక్కాను.

దిండి వైపు గది తీసుకునేవాళ్ళు డబ్బు వేసేముందు వీడియో కాల్‌లో పూల్ చూపించమనండి, ఆ రోజు నీళ్ళే చూపించమనండి. గది ఏ అంతస్తో వాట్సాప్‌లో రాయించుకోండి. నా దగ్గర ఆ మెసేజ్ ఉంది కాబట్టే, ఇవ్వని ₹2,500 కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయగలిగాను. రిసార్టు ఇంకా జవాబివ్వలేదు. తోటలో గది మాత్రం వేసవికి మా ఆయనే ఫోన్ చేసి చెప్పేశారు, మామిడిపళ్ళ రోజులకి.